విజయనగరం కార్పొరేషన్‌లో ఏ పని ఎవరి బల్ల మీద? తెలిసినవాళ్లు ఇక్కడ రాయండి

కోట జంక్షన్:
ఇంటి పన్ను, కొళాయి, జనన ధ్రువపత్రం... ఒక్కో ప్రశ్న ఒక్కో చోట అడిగి అందరూ సగం జవాబుతో వెళ్లిపోతున్నారు. అన్నీ ఇక్కడే పెడదాం. ఒక్క షరతు: "మా ఇంట్లో ఇలగ జరిగింది" కథలొద్దు. ఏ సెక్షను, ఏ కాగితం, ఎక్కడ ఆగుతుంది, ఎందుకు ఆగుతుంది, అంతే.

వార్డు సచివాలయంతో మొదలెడతాను. 2019 అక్టోబరు 2న పెట్టినవి ఇవి, సుమారు నాలుగు వేల జనాభాకి ఒకటి లెక్కన. కుర్చీలో ఎవరుంటే వాళ్లకి అర్జీ ఇచ్చేసి రావడమే మనం చేసే మొదటి తప్పు. కొళాయి, రోడ్డు, వీధి దీపం, కాలువ కట్టడం: ఎమినిటీస్ సెక్రటరీ. చెత్త, దోమలు, కాలువ తియ్యడం: శానిటేషన్ సెక్రటరీ. గమనించారా, కాలువ కట్టడం ఒకరిది, తియ్యడం ఒకరిది. "మా కాలువ బాగోలేదు" అని రాస్తే ఆ కాగితం ఇద్దరి మధ్యా తిరుగుతుంది. గోడ కూలిందా, పూడిక నిండిందా స్పష్టంగా రాయండి. ఇంటి పన్ను అడ్మిన్ సెక్రటరీది, ఇంటి ప్లాను ప్లానింగ్ సెక్రటరీది. కులం, ఆదాయం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం సచివాలయంలోనే పెట్టినా తహసీల్దారు ఆఫీసుకి పోతాయి. వాటి కోసం కార్పొరేషన్ మెట్లెక్కి లాభం లేదు.

దాసన్నపేట:
వీధి దీపం వెలగట్లేదని కరెంటు వాళ్ల 1912కి ఫోన్ చేస్తే "మాది కాదు" అంటున్నారు. నిజమేనా?

కోట జంక్షన్:
నిజమే. స్తంభం, తీగ కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌వి. దానికి తగిలించిన దీపం కార్పొరేషన్‌ది. ఒక్క దీపమే ఆరితే ఎమినిటీస్ సెక్రటరీకి చెప్పండి. వరసగా పదీ పన్నెండు ఆరిపోతే దీపాల తప్పు కాదు, ఆ లైనుకి కరెంటు రావట్లేదు, అప్పుడు 1912. చెట్టు కొమ్మ తీగకి తగులుతున్నా వాళ్లే. స్తంభం మీద రాసిన నంబరు ఇస్తే పని త్వరగా అవుతుంది. "గుడి ఎదురుగా" అంటే మన ఊళ్లో ఎన్ని గుళ్లు!

కంటోన్మెంట్:
ఇంటి పన్ను ఏటా పెరుగుతోంది. ఇంట్లో ఒక్క ఇటుక పెట్టకపోయినా ఎందుకు పెరగాలి?

రెవెన్యూ దస్త్రం:
2021 ఏప్రిల్ 1 ముందు దాకా అద్దె విలువ మీద వేసేవారు. అప్పట్నుంచి మూల విలువ మీద. స్థలం రిజిస్ట్రేషన్ విలువ, దానికి కట్టడం విలువ కలిపి, నివాస గృహానికి 0.10 నుంచి 0.50 శాతం మధ్య కౌన్సిల్ నిర్ణయించిన రేటు. నివాసేతరానికి 0.20 నుంచి 2 శాతం దాకా. ఈ లెక్కన వచ్చిన పన్ను పాతదానికంటే బాగా ఎక్కువైతే ఒకేసారి వెయ్యరు, ఏడాదికి 15 శాతం మించకుండా పెంచుకుంటూ పోతారు. అర్ధ సంవత్సరానికి 1,000 కట్టేవాళ్లకి మరుసటి ఏడు 1,150, తర్వాత 1,322, 1,520, నాలుగో ఏటికి 1,749. అసలు లెక్కకి చేరేదాకా ఆ మెట్లు ఎక్కుతూనే ఉంటాం. అందుకే ఇటుక పెట్టకపోయినా పెరుగుతుంది.

375 చదరపు అడుగులు దాటని సొంత నివాసమైతే ఏడాదికి 50 రూపాయలే. ఈ సంగతి చిన్న ఇళ్లవాళ్లలో చాలామందికి తెలీదు. కొలత తప్పుగా ఎక్కి 400 అని ఉంటే మినహాయింపు పోతుంది. కాబట్టి డిమాండ్ నోటీసులో ముందు చూడాల్సింది సొమ్ము కాదు, విస్తీర్ణం. తర్వాత వాడకం: నివాసమా, వాణిజ్యమా. తర్వాత అంతస్తులు. అనుమతి లేని కట్టడం అని ఓ గడి ఉంటుంది. అక్కడ అంకె కనిపిస్తే పన్ను మీద 25 నుంచి 100 శాతం దాకా అపరాధం పడినట్టు. అది కొలతలు చూపించి ప్లానింగ్ సెక్షన్‌లో తేల్చుకోవాల్సిన విషయం, రెవెన్యూ వాళ్లతో వాదించి ప్రయోజనం లేదు.

ఏడాది మొత్తం ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం తగ్గింపు. కట్టకపోతే గడువు దాటాక నెలకి 2 శాతం వడ్డీ. మార్చిలో వడ్డీ మాఫీ వస్తుందని ఎదురుచూసేవాళ్లున్నారు. కొన్నేళ్లు వచ్చింది, కొన్నేళ్లు రాలేదు. ఆ ఆశ మీద 5 శాతం వదులుకోవడం నాకైతే లెక్కగా అనిపించదు.

పెద్దచెరువు గట్టు:
మాస్టారూ, పన్ను రశీదు మన పేరు మీదుంటే ఇల్లు మనదే కదా? బ్యాంకులో కూడా అదే అడుగుతారు.

రెవెన్యూ దస్త్రం:
కాదండీ. పన్ను పుస్తకంలో పేరు మార్చడం వసూలు కోసం చేసుకునే ఏర్పాటు. దస్తావేజుకి అది ప్రత్యామ్నాయం కాదు, కోర్టులో హక్కు తేల్చదు. బ్యాంకు అడిగేది కూడా దస్తావేజు, ఈసీలకి (ఆస్తి మీద లావాదేవీలు, తనఖాలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) తోడుగానే.

పేరు మార్పుకి కావాల్సినవి: రిజిస్టర్డ్ దస్తావేజు నకలు, దాని ముందరి లింకు దస్తావేజు, ఈసీ, బకాయి లేనట్టు చివరి రశీదు, పది అంకెల అసెస్‌మెంట్ నంబరు (ఇంటి పన్ను ఖాతా నంబరు). యజమాని చనిపోయి వారసులకి మారాలంటే మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం. వారసుల్లో ఒకరి పేరునే ఎక్కించాలంటే మిగతావాళ్ల రిజిస్టర్డ్ హక్కు విడుదల పత్రం. తెల్లకాగితం మీద అన్నదమ్ముల సంతకాలు చాలవు. ఎక్కువ ఫైళ్లు ఆగేది ఇక్కడే. రెండో అడ్డంకి ఇంటి నంబరు. దస్తావేజులో పాత డోర్ నంబరు, పన్ను పుస్తకంలో కొత్తది ఉంటాయి. రెండూ ఒకే ఇల్లని చూపే పాత రశీదు ఒక్కటి జత చేస్తే ఆ ప్రశ్నే రాదు. పాత రశీదులు పారెయ్యకండి.

చల్లమజ్జిగ:
పిల్ల పుట్టింది విశాఖ కేజీహెచ్‌లో, ఉంటున్నది ఇక్కడ. ఇలాంటప్పుడు ధ్రువపత్రం మన కార్పొరేషన్‌లో ఇస్తారా? ఇంకోటి, ఏడాది దాటితే కోర్టుకెళ్లాలంటారు.

నాగావళి ఒడ్డు:
శ్రీకాకుళం నుంచి జవాబు, చట్టం రెండూళ్లకీ ఒకటే గనక. పుట్టినా పోయినా, ఎక్కడ జరిగితే అక్కడే నమోదు. ఎక్కడ ఉంటున్నామన్నది లెక్క కాదు. కేజీహెచ్‌లో అయితే విశాఖ కార్పొరేషన్, ఘోషాసుపత్రిలో అయితే విజయనగరం, మా రిమ్స్‌లో అయితే శ్రీకాకుళం. ఆసుపత్రిలో పుడితే కబురు పంపాల్సిన బాధ్యత ఆసుపత్రిదే. ఇంట్లో పుడితే ఇంటి పెద్దది.

గడువులు: 21 రోజుల్లోపు ఉచితం. 30 రోజుల దాకా ఆలస్య రుసుము. 30 రోజుల నుంచి ఏడాది దాకా జిల్లా రిజిస్ట్రారు రాతపూర్వక అనుమతి, రుసుము, స్వయంగా ధ్రువీకరించిన పత్రం. ఏడాది దాటితే ఒకప్పుడు ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఉత్తర్వు కూడా చెల్లేది, కోర్టు మాట అక్కడిది. 2023 సవరణ అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చాక ఆ అధికారం జిల్లా మేజిస్ట్రేటు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు, లేదా కలెక్టరు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుది. మన భాషలో ఆర్డీవో ఆఫీసు. అక్కడికి వెళ్లేముందు "ఈ పుట్టుక మా పుస్తకంలో లేదు" అని సంబంధిత రిజిస్ట్రారు ఇచ్చే కాగితం ఉండాలి. అది లేకుండా వెళ్తే తిప్పి పంపేస్తారు.

2023 అక్టోబరు 1 తర్వాత పుట్టిన పిల్లలకి బడిలో చేర్చడం నుంచి పాస్‌పోర్టు దాకా పుట్టిన తేదీకి ఈ ధ్రువపత్రమే ఆధారం. కాబట్టి "ఇప్పుడేం తొందర" అనుకోకండి.

పేరు సంగతి ఒకటి. బారసాలకి ముందే నమోదైపోతుంది కాబట్టి పేరు గడి ఖాళీగా ఉంటుంది. నమోదైన 12 నెలల్లోపు పేరు ఉచితంగా ఎక్కించవచ్చు, తర్వాత 15 ఏళ్ల దాకా రుసుముతో. ఎక్కించే ముందు ఇంటిపేరు ముందా వెనకా, పొడి అక్షరమా పూర్తిగానా, ఇంట్లో తేల్చుకోండి. ఒకసారి ఎక్కాక "మనసు మారింది" అంటే మార్చరు. రాతలో తప్పు దొర్లిందని చూపిస్తేనే దిద్దుతారు. తల్లిదండ్రుల పేర్లలో తప్పులకి మూలం చాలాసార్లు ఆసుపత్రిలో చేరేటప్పుడు చీటీ మీద రాసిన స్పెల్లింగే. డిశ్చార్జి ముందు ఆ వివరాలు ఓసారి చదివి సంతకం పెడితే తర్వాత ఇద్దరు తెలిసినవాళ్ల వాంగ్మూలాలు పట్టుకుని తిరగక్కర్లేదు.

చల్లమజ్జిగ:
మరణం ఇంట్లో జరిగితే?

నాగావళి ఒడ్డు:
అదే 21 రోజులు. ఇంట్లో పోతే చివరిగా చూసిన వైద్యుడు 4ఏ నమూనాలో కారణం రాసివ్వాలి. ఆసుపత్రిలో అయితే 4వ నమూనా వాళ్లే ఇస్తారు. శ్మశానం రశీదు దాచుకోండి.

దాసన్నపేట:
కొళాయి గురించి ఎవరైనా చెప్పండి బాబూ. ప్రెషరు లేదు, ఉన్నప్పుడు మొదట మురికి.

ఊటబావి:
ఇది రెండు వేర్వేరు జబ్బులు. విడివిడిగా చూద్దాం.

మన ఊరికి నీళ్లు నెల్లిమర్ల, రామతీర్థం దగ్గర చంపావతి నుంచి, ముషిడిపల్లి దగ్గర గోస్తని నుంచి వస్తాయి. నదిలోంచి ట్యాంకుకి, ట్యాంకు నుంచి వాల్వు తిప్పి ఒక్కో పేటకి. రోజంతా నిండుగా ఉండే లైను కాదు. ఈ మాట గుర్తుపెట్టుకుంటే మిగతాది అర్థమవుతుంది.

ప్రెషరు. ముందు ఎడమింటికీ కుడింటికీ వెళ్లి చూడండి. అందరికీ తక్కువైతే వాల్వో, ట్యాంకు మట్టమో, మెయిను లీకో. మీ ఒక్కరికే తక్కువైతే తప్పు మీ కనెక్షన్‌లో ఉంది. మాటలతో చెప్పకుండా కొలవండి: 20 లీటర్ల బకెట్ నిండటానికి ఎన్ని నిమిషాలు. మీకు ఆరు, పక్కింటికి రెండు అయితే మెయిను మీద బిగించిన ఫెర్రూలు (ఇంటి పైపుని మెయినుకి కలిపే ముక్క) మూసుకుపోయినట్టు, లేకపోతే జీఐ (జింకు పూత ఇనప) పైపు లోపల తుప్పు పట్టి సన్నబడినట్టు. ఇరవై ఏళ్లు దాటిన అరంగుళం జీఐ పైపు కోసి చూస్తే లోపల పెన్సిలు దూరేంత కంతే ఉంటుంది. పైనుంచి చూస్తే కొత్తదాన్లా ఉంటుంది. ఫెర్రూలు విప్పడం ప్లంబరు సొంతంగా చేసే పని కాదు. మెయిను కార్పొరేషన్‌ది, ఇంజినీరింగ్ సెక్షన్‌కి చెప్పి వాళ్ల ఫిట్టరు ఉండగా చేయించాలి. రోడ్డు తవ్వాలంటే అనుమతి, పూడ్చే ఖర్చు ముందుగా కట్టాలి.

మురికి. వాల్వు తిప్పిన మొదటి రెండు మూడు నిమిషాలు ఎర్రగా వచ్చి తేటపడితే అది తుప్పు, లైన్లో పేరుకున్న మడ్డి. వదిలెయ్యండి, తర్వాత పట్టుకోండి. నల్లగా, వాసనతో వస్తే అది కాలువ నీరు. కారణం చెప్తాను. కాలువలోంచి అడ్డంగా పోయిన ఇంటి పైపు జాయింటు దగ్గర చిన్న కన్నం పడుతుంది. నీళ్లు వస్తున్నంతసేపు లోపలి ఒత్తిడికి మంచినీళ్లు బయటికి కారతాయి, ఎవరికీ తెలీదు. వాల్వు కట్టేశాక పైపు ఖాళీ అవుతుంది, అదే కన్నంలోంచి కాలువ నీళ్లు లోపలికి పోతాయి. మళ్లీ వాల్వు తిప్పగానే మొదట వచ్చేది అదే.

దీనికి తోడు కొళాయికి నేరుగా మోటారు బిగించే అలవాటు. లైన్లో ఉన్న కాస్త ఒత్తిడినీ అర హార్స్‌పవర్ మోటారు లాగేస్తే, వీధిలో ఏ కన్నం ఉన్నా అక్కడి నుంచి మురుగు పీలుస్తుంది. బిగించినవాడి ఇంటికే ఆ నీళ్లు ముందు వస్తాయని చెప్తే కొందరు తీసేస్తారు. చట్టం అని చెప్తే తియ్యరు. సంపు కట్టుకుని, అందులోకి వాటంతటవే వచ్చిన నీళ్లని మోటారుతో ఎక్కించుకోవడంలో తప్పులేదు.

కంటోన్మెంట్:
అంతమందికి నచ్చచెప్పాలంటే రుజువు కావాలి కదండీ. ఏ ఇంటి దగ్గర కలుస్తోందో ఎలా పట్టుకోవాలి?

ఊటబావి:
క్లోరిన్‌తో పట్టుకోవచ్చు. ఫిట్టర్ల దగ్గర చిన్న పరీక్ష పెట్టె ఉంటుంది. గొట్టంలో నీళ్లు పట్టి, పెట్టె మీద రాసినన్ని చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది. పక్కనున్న రంగులతో పోల్చి అంకె చదవాలి. చివరి ఇంటి కొళాయిలో లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. ట్యాంకు దగ్గర 0.5 ఉండి, వీధి మొదట్లో 0.4 ఉండి, ఓ నాలుగిళ్ల తర్వాత ఒక్కసారిగా సున్నా అయితే ఆ నాలుగిళ్ల మధ్యే మురుగు కలుస్తోంది. క్లోరిన్ ఆ మురుగుని చంపుతూ అయిపోయింది. అక్కడ తవ్వించండి. వీధంతా తవ్వితే డబ్బు దండగ, లీకు దొరకదు.

రెండో పరీక్ష నల్లబడే సీసా. నీళ్లు పట్టి మూత పెట్టి గది వేడిలో 24 నుంచి 48 గంటలు ఉంచితే, మలం తాలూకు సూక్ష్మజీవులుంటే నల్లబడుతుంది. 2024 అక్టోబరులో మన జిల్లాలోనే గుర్ల మండలంలో అతిసారం ప్రాణాలు తీసింది. ఆ తర్వాత ఎవరూ ఈ పరీక్షని చాదస్తం అనట్లేదు.

బాగుచేసేటప్పుడు పైపుని మళ్లీ కాలువలోంచే వెయ్యనివ్వకండి. కాలువ మీదుగా, బయట ఇంకో లావు జీఐ గొట్టం తొడిగి వెయ్యాలి. జాయింటు కాలువ వెడల్పు లోపల ఉండకూడదు. వంద రూపాయల గొట్టం మిగులుతుందని అడ్డదారి చూపించే ప్లంబర్లు ఉంటారు. దగ్గర నిలబడండి.

పెద్దచెరువు గట్టు:
కాలువ తీసి పూడిక అక్కడే ఒడ్డున పోసి వెళ్లిపోతారు. వాన పడితే మళ్లీ లోపలికే. ఇదేటి పని?

కోట జంక్షన్:
తడి పూడిక వెంటనే ట్రాక్టరుకెత్తితే దారంతా కారుతుంది. అందుకని ఒకరోజు ఆరనిచ్చి ఎత్తడం పద్ధతి. తప్పు ఆరనివ్వడంలో లేదు. తీసే జట్టు వేరు, ఎత్తే బండి వేరు, రెండో రోజు బండి రాకపోవడంలో ఉంది. తీసిన రోజే ఫొటో పెట్టి "రేపు ఎత్తాలి" అని శానిటేషన్ సెక్రటరీకి పంపితే బండి జాబితాలో మీ వీధి ఎక్కుతుంది. వారం ఆగి చెప్తే అప్పటికి అది రోడ్డైపోతుంది. పైడితల్లి సిరిమానోత్సవం వారంలో అయితే ఆశ పెట్టుకోకండి, మనుషులూ బళ్లూ అన్నీ మూడు లాంతర్ల నుంచి కోట దాకానే ఉంటాయి.

దోమల మాట కూడా ఇక్కడే. ఫాగింగ్ చెయ్యండి అని అందరూ అడుగుతారు, పొగ కనిపిస్తుంది గనక. అది ఎగిరే దోమల్నే చంపుతుంది, అదీ సంధ్యవేళ గాలి లేనప్పుడు. నిలిచిన కాలువలో దోమ పిల్లల్ని (లార్వాల్ని) చంపాలంటే టెమిఫాస్ 50 శాతం మందు, 10 లీటర్ల నీళ్లకి 2.5 మిల్లీలీటర్లు కలిపి వారానికోసారి చల్లాలి. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులే కాబట్టి ఒక వారం తప్పితే మొదటికొచ్చినట్టే. శుక్రవారం డ్రై డే అనడం వెనక ఉన్నది కూడా ఈ వారం లెక్కే. తొట్లు, కూలర్లు ఒంపి, తోమి, ఆరబెట్టాలి. తోమకపోతే గుడ్లు గోడకే అంటుకుని ఉంటాయి.

చెత్త పన్ను ఇంకా కట్టాలా అని ఎవరో వేరే చోట అడిగారు. 2024 చివర్లో రద్దయింది.

దాసన్నపేట:
కొత్త కాలువకి అర్జీ పెడితే ఏడాది గడుస్తుంది. ఎక్కడ ఆగిందో కనుక్కోడం ఎలాగ?

రెవెన్యూ దస్త్రం:
"ఎప్పుడు అవుతుంది" అని అడక్కండి, దానికి జవాబు "అవుతుంది" అనే వస్తుంది. మూడు ప్రశ్నలు అడగండి. ఎస్టిమేటు వేశారా? కౌన్సిల్ అజెండాలో ఎక్కిందా? టెండరు పిలిచారా? ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) కొలిచి ఎస్టిమేటు వేస్తే, పైనున్న డీఈ (డిప్యూటీ) చూసి, ఆపైన ఈఈ (ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) సాంకేతిక మంజూరు ఇవ్వాలి. డబ్బు ఏ పద్దులోదో రాయాలి, సాధారణ నిధా, ఆర్థిక సంఘం నిధా. తర్వాత పాలక మంజూరు, ఆన్‌లైన్ టెండరు, ఒప్పందం, పని ఉత్తర్వు. మొదటి ప్రశ్నకే "లేదు" అని వస్తే కార్పొరేటరు దగ్గరికెళ్లినా లాభం లేదు, కాగితమే పుట్టలేదు. ఎస్టిమేటు ఉండి అజెండాలో లేకపోతే, పాలకవర్గం ఉన్నప్పుడు కార్పొరేటరే సరైన మనిషి.

నాగావళి ఒడ్డు:
రెండూళ్లూ 2015 డిసెంబరులోనే కార్పొరేషన్లయ్యాయి గానీ 2021 మార్చిలో ఎన్నిక మీకు జరిగింది, మాకు జరగలేదు. పాలకవర్గం లేనిచోట కౌన్సిల్ చెయ్యాల్సిన తీర్మానం మీద ప్రత్యేకాధికారి సంతకం చేస్తారు. అంటే మీ రెండో ప్రశ్న అలాంటి చోట "ప్రత్యేకాధికారి దగ్గర ఫైలుందా" అవుతుంది. అజెండా కోసం నెలలు ఆగక్కర్లేదు, నిజమే. అడిగే కార్పొరేటరూ ఉండడు.

కంటోన్మెంట్:
సోమవారం కలెక్టరేట్‌లో ఇచ్చిన అర్జీ "పరిష్కరించబడింది" అని మెసేజీ వచ్చేస్తుంది, పని మాత్రం అలాగే ఉంటుంది. ఈ జబ్బుకి మందు?

కోట జంక్షన్:
ఒక అర్జీలో ఒకే సమస్య రాయండి. మూడు రాస్తే ఒకటి చేసి మూడూ మూసేస్తారు. తేదీతో ఫొటో, స్తంభం నంబరో దగ్గరి ఇంటి అసెస్‌మెంట్ నంబరో పెట్టండి. రశీదు నంబరు లేకుండా ఇల్లు చేరకండి. మూసేస్తే అదే నంబరు మీద తిరిగి తెరవమని అడగాలి. కొత్త అర్జీ పెడితే లెక్క మళ్లీ మొదటి రోజు నుంచి మొదలవుతుంది, వాళ్లకీ అదే హాయి. పన్ను చెల్లింపు, ధ్రువపత్రాల్లాంటి వాటికి ప్రభుత్వ వాట్సాప్ సేవ "మన మిత్ర" 95523 00009 చాలు, లైన్లో నిలబడక్కర్లేదు.

అప్పటికీ కదలకపోతే సమాచార హక్కు. కార్పొరేషన్‌కి 10 రూపాయలు, 30 రోజులు. "ఎందుకు చెయ్యలేదు" అని రాస్తే జవాబు రాదు, అది సమాచారం కాదు. "ఫలానా నంబరు అర్జీ మీద ఏ తేదీన ఎవరు తనిఖీ చేశారు, ఆ నివేదిక నకలు" అని అడగండి. తనిఖీ జరక్కుండా మూసిన ఫైలైతే ఈ ప్రశ్న అందిన వారంలోనే ఎవరో ఒకరు వీధికొచ్చి చూస్తారు. 30 రోజుల్లో రాకపోతే మరో 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, అదే ఆఫీసులో పై అధికారికి.

చల్లమజ్జిగ:
చివరిగా ఒకటి. కొళాయి బాగయ్యేదాకా వీధి బావి వాడుకుంటే బ్లీచింగ్ ఎంత వెయ్యాలి? ఒకరు గుప్పెడంటారు, ఒకరు డబ్బాడంటారు.

ఊటబావి:
గుప్పెడు లెక్క కాదమ్మా. బావి అడ్డం మీటర్లలో కొలిచి, ఆ అంకెని దానితోనే గుణించి, నీళ్ల లోతుతో గుణించి, 0.785తో గుణిస్తే ఎన్ని వెయ్యి లీటర్లో వస్తుంది. 2 మీటర్ల అడ్డం, 3 మీటర్ల నీళ్లుంటే 9.4, అంటే 9,400 లీటర్లు. వెయ్యి లీటర్లకి మంచి బ్లీచింగ్ 2.5 గ్రాములు, మొత్తం 24 గ్రాములు. రెండు పెద్ద చెంచాలకి కాస్త అటూ ఇటూ. మూత తెరిచి ఉంచిన సంచిలోదైతే ఘాటు పోయి ఉంటుంది, అది పనికిరాదు. వాసన చూస్తేనే తెలిసిపోతుంది.

పొడి తిన్నగా బావిలో చల్లకండి. బకెట్‌లో కొంచెం నీళ్లతో ముద్ద చేసి, ముప్పాతిక వరకు నీళ్లు పోసి కలిపి, పది నిమిషాలు కదపకండి. సున్నం అడుక్కి దిగుతుంది. పైన తేట మాత్రం వేరే బకెట్‌లోకి ఒంపి, దాన్ని తాడుతో నీళ్లలోకి దించి, పైకీ కిందకీ ఆడించి కలపండి. అడుగు సున్నం బావిలో వెయ్యొద్దు, నీళ్ల కఠినత్వం పెరుగుతుంది. రాత్రి అందరూ తోడుకున్నాక చేస్తే తెల్లారేసరికి వాడుకోవచ్చు. పగలైతే కనీసం గంట ఆగాలి.

చల్లమజ్జిగ:
రాసుకున్నాను. అడ్డం కొలవడానికి టేపు ఎవరి దగ్గరైనా ఉందా దాసన్నపేట వైపు?

దాసన్నపేట:
ఉంది. రేపు పొద్దున్న ఆరింటికి బావి దగ్గరికి తెస్తాను.